అన్నీ ‘ఆకు’లే... అన్నమేదీ?

ఆదివారం మధ్యాహ్నం. ఆళ్ళగడ్డ బస్టాండు. నంద్యాల పల్లెవెలుగు బస్సు ప్లాట్‌ఫారం మీద పెట్టి డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు. కిటికీ పక్క సీట్లో నేను. కిటికీ కింద ఒక తల్లి, ఒక తండ్రి, ఒక రేకు పెట్టె, ఒక బకెట్టు, బకెట్టులో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె... వీటన్నిటి మధ్య ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరబోతున్న ఒక అమ్మాయి. తల్లి చేతిలో నల్ల అట్ట బైబిలు. గుడిలో అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుని నేరుగా వచ్చినట్టున్నారు.

“బయట తిండి తినాకు పాపా. ఎవురు పిలిచినా పోవాకు. మగపిల్లోళ్లతో మాట్లాడాకు. రాత్రిపూట ఫోను చూడాకు. ఫొటోలు పెట్టాకు. ప్రార్థన మానాకు...”

సీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కోస్తా వాళ్లు ‘వద్దు’ అనే చోట మనం ‘ఆకు’ అంటాం. తినాకు, పోవాకు, చెయ్యాకు. ఏమీ తోచక లెక్కపెట్టాను. బస్సు కదిలేలోగా పదిహేడు ‘ఆకు’లు. ఓ మోస్తరు విస్తరి కుట్టడానికి సరిపోతాయి!

అమ్మాయి పదిహేడు సార్లూ “సరేమ్మా” అంది. తండ్రి మాత్రం ఏమీ మాట్లాడలేదు. పెట్టె ఎక్కించి, ఒక అయిదువందల నోటు కూతురి చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకున్నాడు.

అమ్మాయి నా పక్కనే కూర్చుంది. శిరివెళ్ల దాటేదాకా బయటికి చూస్తూనే ఉంది. ఆ తర్వాత మెల్లగా మాటలు కలిశాయి. పత్రికలో పనిచేస్తానని చెబితే కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

“అక్కా, మా అమ్మ చెప్పినవన్నీ తెలిసినవే. సండే స్కూల్లో చిన్నప్పటినుంచీ వింటున్నవే. కానీ ఎవరన్నా రమ్మని పిలిస్తే, రానని ఎట్ల చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను రానంటే వాళ్లు మళ్లీ నాతో మాట్లాడతారా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి విస్తరి చక్కగానే వేసింది. వడ్డించాల్సిన అన్నమే మర్చిపోయింది. ఈ వారం ఈ శీర్షిక ఆ అన్నం గురించే.

అప్పుడు అందరూ తెలిసినవాళ్లే

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టలేదు. నేను హాస్టలుకు వెళ్లేటప్పుడు మా అమ్మ దిష్టి తీసింది. ఆ అమ్మాయి తల్లి ప్రార్థన చేయించింది. ఇద్దరి భయమూ ఒకటే. అయితే నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలోని క్రైస్తవ కుటుంబాల్లో ఈ భయానికి ఒక ప్రత్యేకమైన చరిత్ర ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ ఇక్కడికి వచ్చింది. ఆళ్ళగడ్డకు దగ్గర్లోని ముత్యాలపాడు, కడప వైపు కలసపాడు, ఆ తర్వాత నంద్యాల దానికి కేంద్రాలయ్యాయి. బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాల పిల్లలకు పలక, బలపం ఇచ్చిన చోట్లు అవి. నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు పేరు ఇప్పటికీ ఊరందరికీ తెలుసు. తాత ఆ బోర్డింగులో ఉండి చదివి టీచరయ్యాడని, నాయనమ్మ అక్కడే చదువుకుని నర్సయిందని చెప్పుకునే ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో.

నలుగురూ పోయే దారిన పోకుండా తమ దారి తాము ఎంచుకోవడం కూడా ఈ ప్రాంతపు సంఘాలకు కొత్త కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లలో ఎక్కువమంది అందులో కలిసిపోయారు. నంద్యాల వైపు వాళ్లు మాత్రం చాలామంది కలవలేదు. చాలా ఏళ్ల తర్వాతే నంద్యాల సి.ఎస్.ఐ.లో చేరింది.

అయితే తాతల కాలపు బోర్డింగులో ఒక సౌకర్యం ఉండేది. వార్డెను తెలిసినవాడే. హెడ్మాస్టరూ తెలిసినవాడే. ఆదివారం గుడిలో ప్రసంగం చెప్పే అయ్యగారూ తెలిసినవాడే. పిల్లవాడు గోడ దూకి సినిమాకు పోతే సాయంత్రానికల్లా ఊళ్లో నాన్నకు కబురు అందేది. తప్పు చేయకుండా ఆపింది పిల్లవాడి మనసా, చుట్టూ ఉన్న కళ్లా అన్న ప్రశ్నే వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ కళ్లు లేవు. 1995లో ఆర్.జి.ఎం. ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాక నంద్యాల రూపు మారింది. మరిన్ని ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, మెడికల్ కాలేజీ వచ్చింది. బ్యాంకు పరీక్షల కోచింగంటే రాష్ట్రమంతటికీ నంద్యాల గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం కూడా అయింది. ఏ వీధిలో చూసినా హాస్టలు బోర్డే. ఆళ్ళగడ్డ వాళ్లకు నంద్యాల పట్నం. నంద్యాల వాళ్లకు హైదరాబాదో బెంగళూరో పట్నం. ఎవరి పిల్లలు వాళ్లకు గంట ప్రయాణం దూరంలోనో, రాత్రంతా ప్రయాణం దూరంలోనో ఉన్నారు. తోడుగా ఉన్నవి అమ్మ చెప్పిన ‘ఆకు’లే!

విలన్ రాడు... స్నేహితుడే వస్తాడు

తల్లిదండ్రుల భయాల్లో ఎప్పుడూ ఒక విలన్ ఉంటాడు. మత్తుమందు అమ్మేవాడు, అమ్మాయిల వెంటపడేవాడు, రాత్రిళ్లు తిరిగేవాడు. సినిమాలో అయితే వాడికి ఎర్రటి కళ్లుంటాయి, చూడగానే గుర్తుపట్టొచ్చు. నిజంగా వచ్చేది వాడు కాదు. పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు. జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చినవాడు. “ఒరేయ్, ఈ ఒక్కసారికీ నా అటెండెన్స్ చెప్పరా” అంటాడు. “రికార్డు రేపే ఇవ్వాలి, నీది ఇటివ్వు, చూసి దించేస్తా” అంటాడు. “పుట్టినరోజు పార్టీ, అందరం తలా మూడొందలు. బీరు తాగకపోతే పోనీ, వచ్చి కూర్చో” అంటాడు. వీటిలో ఒక్కటీ పాపంలా కనిపించదు. స్నేహంలాగే కనిపిస్తుంది.

నా సంగతే చెబుతాను. హైదరాబాద్‌లో జర్నలిజం డిప్లొమా చేస్తున్నప్పుడు వరసగా నెల రోజులు స్నేహితురాలి అటెండెన్స్ నేనే పలికాను. ఆమె పార్ట్ టైం ఉద్యోగం చేసుకుంటోంది పాపం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు దొరికిపోయాను. నిజాలు రాసే వృత్తి నేర్చుకుంటూ నేను చేసిన పని అది! ఆ సిగ్గు ఒక ఎత్తు, నాన్నకు చెప్పలేకపోవడం ఇంకో ఎత్తు. పదేళ్ల తర్వాత చెప్పాను. “అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది?” అన్నాడు. ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, అంతే.

క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఇంకో రకం ఇరకాటం కూడా ఉంటుంది. కాలేజీలు తెరిచిన కొద్ది రోజులకే వినాయక చవితి. హాస్టల్లో చందాల పుస్తకం పట్టుకుని సీనియర్లు గది గదికీ వస్తారు. ఇవ్వాలా, వద్దా? ప్రసాదం చేతిలో పెడితే తినాలా, పక్కన పెట్టాలా? కొన్ని ఇళ్లలో తింటారు, కొన్ని ఇళ్లలో తినరు. అది వాళ్ల వాళ్ల నమ్మకం. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి పౌలు కొరింథు సంఘానికి రాసిన లేఖలోనే పెద్ద చర్చ ఉంది. అంటే రెండు వేల ఏళ్లుగా మాట్లాడుకుంటున్న విషయమే. కానీ ఇంట్లో ఎవరూ మాట్లాడి ఉండరు. దాంతో పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఆ క్షణంలో రెండిట్లో ఒకటి చేస్తాడు. పెట్టినవాడి మనసు నొచ్చుకునేలా విసురుగా ‘నాకొద్దు’ అంటాడు. లేదా తీసుకుని, ఎవరూ చూడకుండా పారేసి, ఇంటికి ఫోన్‌లో ఇంకో మాట చెబుతాడు. మొదటిది స్నేహాన్ని చెడగొడుతుంది. రెండోది మనిషిని చెడగొడుతుంది.

“నాకు అలవాటు లేదన్నా, ఏమనుకోవద్దు. స్టేజీ కట్టడానికి కావాలంటే నేనొస్తా” అనే మాట ముందే నోటికి అలవాటై ఉంటే? రెండు గండాలూ తప్పుతాయి.

మొదటి పరీక్ష ఫారంలోనే

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఇబ్బందికరమైన సంగతి. కానీ చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది.

కాలేజీలో నీతికి పరీక్ష ఎదురవుతుందని భయపడతాం. ఎన్నో దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఆ పరీక్ష కాలేజీ గేటు దాటకముందే, అడ్మిషన్ ఫారంలోనే ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లూ, వాళ్ల సంతానమూ బి.సి.-సి కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్, బి.సి.-సి కి 1 శాతం. వాడ అదే, వివక్ష అదే, పేదరికం అదే. గుడి మారితే మాత్రం పదిహేను కాస్తా ఒకటవుతుంది. ఈ మార్పు న్యాయం కాదని, దళిత క్రైస్తవులకూ ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం కూడా చేసింది.

అందుకని చాలా ఇళ్లలో ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్‌లో ఇంకో మతం. ఏది రాయాలో తీర్పు చెప్పడానికి నేనెవరిని? ఆ ఒక్క శాతానికీ పదిహేను శాతానికీ మధ్య ఒక పిల్ల చదువు మొత్తం వేలాడుతున్నప్పుడు, కడుపు నిండినవాళ్లం నీతులు చెప్పకూడదు. నేను చెప్పేది వేరు. ఆ ఫారం నింపేటప్పుడు పిల్లను పక్క గదిలోకి పంపేయవద్దు. చట్టం ఏమంటోంది, మనకు జరిగిన అన్యాయం ఏమిటి, మనం ఏం నిర్ణయం తీసుకుంటున్నాం, దానికి రేపు ఏం మూల్యం చెల్లించాల్సి రావచ్చు... అన్నీ పిల్ల ఎదుటే మాట్లాడండి. ఇంట్లో ‘అబద్ధమాడాకు’ అని నేర్పి, ఆఫీసులో ‘నువ్వేం మాట్లాడాకు’ అని గుడ్లురిమితే, పిల్ల నేర్చుకునేది రెండో ‘ఆకు’నే!

ఒక ఆయన ఈ విషయంలో నాతో అన్న మాట గుర్తుండిపోయింది. నంద్యాలలో చిన్న ఉద్యోగి. “మా పాప బి.సి.-సి కిందే రాసింది మేడం. సీటు రెండేళ్లు కష్టపడి తెచ్చుకుంది. రాయమని నేను చెప్పలేదు, రాయొద్దనీ చెప్పలేదు. ఇద్దరం కూర్చుని రెండు రాత్రులు మాట్లాడుకున్నాం.” ఆ పాప ఏం రాసిందన్న దానికంటే, ఆ రెండు రాత్రుల మాటలే ఆమెతోపాటు కాలేజీకి వెళ్లాయని నాకనిపించింది.

బబులోను కాలేజీ విద్యార్థి

దానియేలు కథ సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. కానీ అందరికీ గుర్తుండేది సింహాల గుహ. అంతకుముందు అధ్యాయాల్లో దానియేలు ఎవరనుకున్నారు? పరాయి దేశంలో హాస్టల్లో ఉన్న విద్యార్థి! యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోయిన కుర్రాళ్లలో ఒకడు. మూడేళ్ల కోర్సు. ఫుడ్డూ బెడ్డూ రాజుగారివే.

ఆ మొదటి అధ్యాయాన్ని ఈసారి కాలేజీకి పిల్లల్ని పంపే తల్లిదండ్రుల కళ్లతో చదవండి. కల్దీయుల భాష నేర్చుకోమన్నారు. నేర్చుకున్నాడు. వాళ్ల శాస్త్రాలు చదవమన్నారు. చదివాడు. పేరే మార్చేశారు. ఊరుకున్నాడు. అన్నిటికీ ‘వద్దు’ అనలేదు. ఒక్క చోట మాత్రం గీత గీసుకున్నాడు. రాజుగారి భోజనం, మద్యం ముట్టనని. ఆ గీత కూడా భోజనం బల్ల దగ్గర కూర్చున్నాక గీసుకున్నది కాదు, ముందే మనసులో అనుకున్నది. పైగా ఎదురుతిరగలేదు, అరవలేదు. పర్యవేక్షకుడి దగ్గరికెళ్లి పది రోజులు గడువడిగాడు. ‘కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం’ అన్నాడు. అవతలివాడి ఇబ్బంది కూడా అర్థం చేసుకుని మాట్లాడాడు. ఇంకో సంగతి. ఒక్కడే లేడు. తనలాంటివాళ్లు ఇంకో ముగ్గురున్నారు.

పిల్లలకు ఇవ్వాల్సిన అన్నం ఈ నాలుగు ముద్దల్లోనే ఉందనిపిస్తుంది నాకు. గీతలు తక్కువ ఉండాలి. ముందే గీసుకోవాలి. మర్యాదగా చెప్పాలి. తోడు చూసుకోవాలి. పదిహేడు ‘ఆకు’లు ఏ పిల్లకూ గుర్తుండవు. మూడు గీతలైతే గుర్తుంటాయి. అవి కూడా అమ్మ గీసినవి కాకుండా, తను గీసుకున్నవైతే!

వడ్డన ఎప్పుడు మొదలుపెట్టాలి?

బస్టాండులో కాదు. అప్పటికే ఆలస్యమైపోతుంది. తొమ్మిదో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. సి.ఎస్.ఐ. సంఘాల్లో పిల్లలకు కన్ఫర్మేషన్ ఇచ్చేదీ దాదాపు ఆ ఈడులోనే. చిన్నప్పుడు తల్లిదండ్రులు తన తరఫున చెప్పిన మాటను, పిల్లవాడు ఇక తన నోటితో తనే చెప్పడం అందులోని అసలు అర్థం. మనం మాత్రం దాన్ని తెల్లచొక్కా, ఫొటో, విందుగా మార్చేశాం. ఆ తరగతులు జరిగే రోజుల్లోనే ఇంట్లో ఇవి కూడా చేసి చూడండి. ఏ మతం వారికైనా పనికొస్తాయి.

డబ్బు అప్పగించండి. నెలకు ఇంతని ఇచ్చి, లెక్క రాయమనండి. తప్పు ఖర్చు చేస్తే తిట్టవద్దు, మళ్లీ ఇవ్వనూ వద్దు. రెండొందలతో చేసిన తప్పు ఇంట్లో నేర్పే పాఠం, రెండు లక్షలతో చేసిన తప్పు బయట నేర్పదు.

మాటలు అలవాటు చేయండి. వినడానికి తమాషాగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. రాత్రి అన్నాల దగ్గర నాన్న సీనియర్ వేషం వేయాలి. “ఏరా, ఒక్క గుక్క తాగితే చస్తావా?” అనాలి. పిల్లవాడు జవాబు చెప్పాలి. మొదటిరోజు నవ్వుతాడు. రెండోరోజు తడబడతాడు. నాలుగోరోజు వాడికి తన మాట దొరుకుతుంది. 

గుర్తు మాట ఒకటి పెట్టుకోండి. ఎక్కడైనా ఇరుక్కుపోయి, పక్కన వాళ్లుండగా చెప్పలేకపోతే, ఫోన్ చేసి “నాయనమ్మకు కాలునొప్పి ఎట్లుంది?” అంటే చాలు. ప్రశ్నలు వేయకుండా “వెంటనే బయల్దేరి రా” అనాలి. కారణం తెల్లారాక అడగొచ్చు.

మీరు పెట్టే సంతకం చదవండి. 2009 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ర్యాగింగ్‌కు పాల్పడబోమని విద్యార్థితోపాటు తల్లిదండ్రులు కూడా ఏటా అఫిడవిట్ ఇవ్వాలి. చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పిల్లవాడితో కూర్చుని అది చదివితే, బాధితుడు కాకుండానే కాదు, రెండో ఏడాది తనే సీనియరై బాధపెట్టకుండా కూడా నేర్చుకుంటాడు. యు.జి.సి. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. మత్తుమందుల గురించి రాష్ట్ర ‘ఈగల్’ విభాగానికి చెప్పడానికి 1972. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. అమ్మ నంబరుతోపాటు ఇవీ ఫోన్‌లో ఉండాలి.

తోడు వెతికిపెట్టండి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడే ఆ ఊళ్లో గుడి ఎక్కడుందో, తమలాంటి పిల్లలు ఎక్కడ కలుస్తారో చూసుకోండి. ఇది కొత్త ఆలోచన కాదు. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు గుమాస్తా, వయసు 22, తనలాగే పల్లెల నుంచి పట్నానికి పనికొచ్చిన కుర్రాళ్లను పోగుచేశాడు. అదే వై.ఎం.సి.ఎ. మన దేశంలో కాలేజీ విద్యార్థుల మధ్య 1954 నుంచి యు.ఇ.ఎస్.ఐ. పనిచేస్తోంది. అయితే అక్కడా ఒక జాగ్రత్త. తోడు అంటే నిఘా కాదు. ‘మా వాడి మీద ఓ కన్నేసి ఉంచండి’ అని పాస్టరుగారికి చెబితే, పిల్లవాడు మొదట మానేసేది గుడికి వెళ్లడమే.

చివరిది, ముఖ్యమైనది. కొడుక్కీ కూతురికీ ఒకే విస్తరి వేయండి. ఆ అమ్మాయి తమ్ముడు రెండేళ్ల తర్వాత ఇదే బస్సెక్కుతాడు. వాడికి చెప్పే ‘ఆకు’లు పదిహేడు ఉంటాయా? ‘బాగా చదువుకో నాయనా’ అన్న ఒక్కమాటతో సరిపెడతాం. అమ్మాయిల్ని జాగ్రత్తగా ఉండమని చెప్పే ఇళ్లు ఎన్నో. అమ్మాయిలతో మర్యాదగా ఉండమని అబ్బాయిలకు చెప్పే ఇళ్లు ఎన్ని?

చంపేస్తాడని భయం

నాకు తెలిసిన ఒక ఇంటి కథతో ముగిస్తాను. నంద్యాల వాళ్లే. పేర్లు వద్దు. తండ్రి గుడిలో పెద్ద. కొడుకు వేరే ఊళ్లో బి.టెక్. తాగడు, తిరగడు. అన్ని ‘ఆకు’లూ పాటించాడు. కానీ ఆ జాబితాలో ఫోన్‌లో పందెం ఆట లేదు! మొదట యాభై రూపాయలు గెలిచాడు. తర్వాత పోయింది రాబట్టుకోవాలని ఆడాడు. మెస్సు డబ్బు పోయింది, ఫీజు డబ్బు పోయింది. ఆపైన అప్పులిచ్చే యాప్. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అంతకు ముందు సంగతి ఇది.

నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. రోజూ అమ్మ ఫోన్ చేసేది. “తిన్నావా?” “తిన్నా.” “ప్రార్థన చేసుకున్నావా?” “చేసుకున్నా.” రెండూ అబద్ధాలే. మెస్సుకు డబ్బు కట్టలేదు కాబట్టి తినలేదు. మొహం చెల్లక ప్రార్థన చేయలేదు. చివరికి ఒక రాత్రి మేనమామకు ఫోన్ చేశాడు. “మామా, నాన్నకు చెప్పాకు. చంపేస్తాడు” అన్నాడు.

ఆ మేనమామ మంచివాడు. అదే రాత్రి బండేసుకుని వెళ్లి పిల్లవాణ్ని తీసుకొచ్చాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఒక్క 2022లోనే దేశంలో 13 వేలకు పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అంకెలో ఇంకొకటి చేరకుండా ఆగింది, ఫోన్ చేయడానికి ఒక్క మనిషైనా ఉండబట్టే.

ఆ తండ్రి నాతో చెప్పిన మాట ఇది. “తప్పిపోయిన కుమారుడి కథ మీద నేను గుడిలో ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు మేడం. దూరం నుంచే కొడుకును చూసి ఎదురు పరుగెత్తిన తండ్రి కథ. నా కొడుకు మాత్రం నేను చంపేస్తాననుకున్నాడు. వాడు నా ప్రసంగాలన్నీ విన్నాడు. అయినా వాడికి తెలిసిన నేను వేరు.”

అప్పు తీర్చడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది. కొడుకు చదువు ఒక ఏడాది వెనకబడింది. ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారట. ఆదివారం రాత్రి తండ్రి ఫోన్ చేస్తాడు. “ఈ వారం నేను చేసిన తప్పు ఒకటి చెబుతా, నువ్వొకటి చెప్పు” అంటాడు. ముందు తనే చెబుతాడు. మొదటివారం ఆయనకు నోరు పెగల్లేదట. “కొడుకు ముందు తప్పు ఒప్పుకోవడం కంటే అప్పు కట్టడమే సులువు” అని నవ్వాడు.

మళ్లీ మన బస్సులోకి వస్తే... నంద్యాల బస్టాండులో దిగాం. పెట్టె నేనొక పక్క, ఆ అమ్మాయి ఒక పక్క పట్టుకుని ఆటో దాకా మోశాం. అంతలో ఫోన్ మోగింది. అమ్మే. “చేరినావా పాపా? ఎవురితో మాట్లాడాకు...” అన్న గొంతు నాకూ వినిపించింది. పద్దెనిమిదోది!

ఆ అమ్మాయి నావైపు చూసి నవ్వింది. “అప్పుడే మాట్లాడినాలే మా. బస్సులో ఒక అక్కతో. మంచి అక్కే” అంది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. నేను ఊపిరి బిగపట్టాను.

“అట్లనా... ఏం మాట్లాడినారు?” అంది తల్లి.

ఆటో కదిలేదాకా ఆ పిల్ల చెబుతూనే ఉంది. ఆ తల్లి వింటూనే ఉంది. నాకు ధైర్యంగా అనిపించింది.